కాగితం ఎక్కడ దిగుతుందో చూసుకో తల్లీ

అమ్మలూ,

నీ మెసేజి చూశాను. ఇప్పుడు నీ దగ్గరున్న నాన్న గుండె రిపోర్టులు డాలస్ ఆసుపత్రికి అందించాలి. వాళ్లేమో ఫ్యాక్స్ నంబరు ఇచ్చారు. గుంటూరు ఆసుపత్రి వాళ్లేమో మా దగ్గర ఫ్యాక్సే లేదు, వాట్సాప్‌లోనో మెయిల్లోనో పెడతాం అంటున్నారు. ఇందులో ఏది భద్రం పెదనాన్నా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేసే సంగతి కాదని రాస్తున్నాను. నా ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే గడిచింది. ఫ్యాక్స్ మన ఊళ్లోకి రావడమూ చూశాను, పోవడమూ చూశాను. ఈ కాగితాల విషయంలో మీ కాలం పిల్లలు భయపడాల్సిన చోట ధీమాగా ఉంటున్నారు, భయం అక్కర్లేని చోట బెంగపడుతున్నారు. చాలాకాలంగా నా మనసులో ఉన్న మాట ఇది. నువ్వు అడిగావు కాబట్టి నీకైనా వివరంగా చెప్పాలని ఆరాటం.

ముందు తీగ సంగతి. ఫ్యాక్స్ మెషీను కాగితాన్ని సన్నసన్న వరసలుగా చదువుతుంది. ఒక్కో వరసలో ఎక్కడ నలుపు, ఎక్కడ తెలుపు అన్నది లెక్కకట్టి, ఆ లెక్కను చప్పుడుగా మార్చి ఫోన్ లైన్లోకి వదులుతుంది. అవతలి మెషీను ఆ చప్పుడు విని మళ్లీ నలుపూ తెలుపూ చేస్తుంది. 1980లో ప్రపంచమంతటికీ కలిపి గ్రూప్ 3 అని ఒక పద్ధతి ఖాయం చేశారు. ఫ్యాక్స్ మెషీన్లు ఇవాళ్టికీ నడుచుకునేది ఆ పద్ధతి మీదే. రింగయ్యాక కీచుమని వినిపిస్తుందే, అది 2100 హెర్ట్జ్ కూత. నేను ఫ్యాక్స్‌ని, సిద్ధంగా ఉన్నాను అని అవతలి మెషీను చెప్పడం. ఆ తర్వాత ఏ వేగంతో పంపుకోవాలో రెండూ మాట్లాడుకుంటాయి. నువ్వెవరివి అని గట్టిగా నిలదీసే ప్రశ్న ఆ మాటల్లో ఎక్కడా లేదు. పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. అసలు ఫ్యాక్స్ ఆలోచన టెలిఫోన్ కంటే పాతది. గడియారాల పని చేసే స్కాట్లండ్ వాడు అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు, టెలిఫోన్ పేటెంటు వచ్చింది 1876లో. బొమ్మను దూరం చేర్చడం ఎలా అన్నదే అప్పటినుంచీ ఫ్యాక్స్ తయారుచేసేవాళ్ల తపన. దాచడం ఎలా అని ఆలోచించిన వాళ్లు తక్కువ.

దారిలో ఎవరైనా వినగలరా అంటే, వినగలరు. మా రోజుల్లో మీ ఇంటి నుంచి ఒక జత రాగి తీగ స్తంభం మీది డీపీ బాక్సుకు వచ్చేది. అక్కణ్నుంచి వీధి మొదట్లో పిల్లర్‌కు, అక్కణ్నుంచి భూమిలో కేబుల్ గుండా ఎక్స్ఛేంజిలో తీగలన్నీ చేరే ఎండీఎఫ్ గదికి. ఈ మూడు చోట్లా ఆ జత చేతికి అందుతుంది. లైన్‌మన్ తన టెస్ట్ ఫోను క్లిప్పులు రెండూ తగిలిస్తే లైన్లో ఏముందో వినపడుతుంది. లైను బాగుచేయాలంటే అలా వినక తప్పదు కూడా. ఫ్యాక్స్ నడుస్తుంటే గరగరమనే చప్పుడొకటి వస్తుంది. మన చెవికి అది అర్థం కాదు. కానీ ఆ చప్పుడును రికార్డు చేసి తగిన సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే పేజీ పేజీగా తిరిగి గీసి ఇచ్చేస్తుంది.

అయినా నీ కాగితాలకు అసలు ప్రమాదం అక్కడ లేదమ్మా. అలా వినాలంటే ఏ జత మీది, ఏ గంటకు మీరు పంపుతారు అన్నది ముందే తెలిసి, ఒకడు పనిగట్టుకుని కాచుకోవాలి. ప్రభుత్వాలు అలా కాచుకున్న సందర్భాలు లేకపోలేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఫోన్లు వినే అధికారానికి హద్దులు గీయాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పాల్సి వచ్చింది. 2024లో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైనప్పుడు నువ్వూ టీవీలో చూసే ఉంటావు. ఆ వేట పదవుల్లో ఉన్నవాళ్ల చుట్టూ, వాళ్లను ఎదిరించేవాళ్ల చుట్టూ తిరిగేది. మీ నాన్నకు ఏ రక్తనాళంలో స్టెంటు వేశారో తెలుసుకోవడానికి స్తంభం ఎక్కేవాడు ఉండడు.

మరి ప్రమాదం ఎక్కడ? తీగ చివర. కాగితం ఏ ట్రేలో దిగుతుంది, ఎవరు తీస్తారు, తీసినవాళ్లు దాన్ని ఏం చేస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి గురించే.

నీకు గుర్తుండే వయసు కాదు గానీ, 1990లలో మన ఊళ్లో ఫ్యాక్స్ అంటే ఎస్టీడీ బూతే. ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీవో, ఫ్యాక్స్, జిరాక్స్ అని పసుప్పచ్చ బోర్డు మీద ఎర్రటి, నల్లటి అక్షరాలు ఉండేవి. కంప్యూటర్లో తెలుగు రాయడం అందరికీ అందుబాటులో లేని రోజులవి. చేత్తో రాసిన తెలుగు ఉన్నదున్నట్టు అమెరికాలోనో దుబాయిలోనో దిగిపోతుంటే జనం ఆశ్చర్యపోయేవారు. పెళ్లికొడుకు బయోడేటాలు, జాతకాలు, కాలేజీ సీటు కాగితాలు, అప్పుల లెక్కలు, ఆపరేషన్‌కు ముందు డాక్టరు రాసిన చీటీలు, అన్నీ ఆ బూతుకే వచ్చేవి. వచ్చిన కాగితాన్ని మెషీను నుంచి చింపేది బూతులో కూర్చున్న కుర్రాడు. ఎవరికి వచ్చిందో తెలియాలంటే చదవాలి కదా, చదివేవాడు. అది థర్మల్ కాగితం, చుట్టచుట్టుకుపోతుంది, కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. అందుకని జాగ్రత్త తెలిసినవాళ్లు అక్కడే దానికి జిరాక్స్ తీయించుకునేవారు. ఒక కాగితం రెండయ్యేది. మసకగా వచ్చిన జిరాక్స్ ఒకటి బూతు చెత్తబుట్టలో మిగిలేది. ఊళ్లో ఎన్ని కుటుంబాల గుట్టు ఆ బుట్టల్లోంచి బయటికి పోయిందో! లైను మాత్రం నిక్షేపంగా ఉండేది. లైను బాధ్యత మాది కాబట్టి ఆ మాట నేను చెప్పగలను.

పెద్ద సంస్థల్లోనూ జరిగింది ఇదే. కెనడాలో సీఐబీసీ అని పెద్ద బ్యాంకు ఉంది. 2001 నుంచి 2004 దాకా ఆ బ్యాంకు శాఖల నుంచి ఖాతాదారుల వివరాలున్న ఫ్యాక్సులు అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఒక పాత కార్ల సామాను యార్డుకు వెళ్తూనే ఉన్నాయి. పేర్లు, ఖాతా నంబర్లు, ప్రభుత్వం ఇచ్చే సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు, అన్నీ. కారణం వింటే నమ్మబుద్ధి కాదు. బ్యాంకు వాళ్ల లోపలి ఫ్యాక్స్ నంబరూ, ఆ యార్డు నంబరూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. నొక్కేవాళ్లు పొరబడేవారు. ఆ యార్డు యజమాని బ్యాంకుకు చెప్పి చూసినా ఆగలేదు. చివరికి ఆ దేశపు ప్రైవసీ కమిషనర్ విచారణ జరిపి 2005లో బ్యాంకును తప్పుపట్టారు. అన్నేళ్లూ పంపినవాళ్ల మెషీన్లు మాత్రం ప్రతిసారీ ఓకే అని చీటీ ఇస్తూనే ఉన్నాయి తల్లీ. ఆ ఓకేకు అర్థం ఒక్కటే, అవతల ఏదో ఒక మెషీను పేజీని అందుకుంది అని. ఎవరి మెషీనో, ఎవరు తీసుకున్నారో దానికి తెలియదు.

కొన్నిసార్లు సరైన నంబరే అయినా అవతల మనిషి ఉండడు. 2018 నవంబరు 21న జమ్మూకశ్మీర్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేస్తానని మెహబూబా ముఫ్తీ రాజ్‌భవన్‌కు లేఖ ఫ్యాక్స్ చేయబోతే అది వెళ్లలేదు. ఆవిడ ఆ లేఖను ట్విట్టర్లో పెట్టారు. అదే రాత్రి శాసనసభ రద్దయింది. ఆ రోజు పండగ, ఫ్యాక్స్ చూసే మనిషి లేడని గవర్నరు సత్యపాల్ మాలిక్ తర్వాత చెప్పారు. ఆ రాజకీయం మనకొద్దు. ఒక రాష్ట్ర గవర్నరు కార్యాలయంలోనే అలా జరగగలిగితే, శుక్రవారం సాయంత్రం ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో ఏం జరుగుతుందో ఊహించుకో. శనాదివారాలు మీ నాన్న రిపోర్టు ఆ ట్రేలోనే పడి ఉంటుంది, ఆ దారిన పోయే ప్రతివాళ్ల కళ్ల ముందూ.

ఇక మెషీన్లకు జ్ఞాపకం ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు. మామూలు కాగితం మీద అచ్చువేసే కొన్ని ఫ్యాక్స్ మెషీన్లలో ఇంకు ఫిల్మ్ చుట్ట ఉంటుంది. ఒక్కో పేజీకి ఆ ఫిల్మ్ కొంత మేర అయిపోతుంది. అయిపోయిన మేరలో ఆ పేజీ అక్షరాలన్నీ తెల్లగా కనిపిస్తాయి. పాత చుట్ట తీసి చెత్తలో వేస్తే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకోవచ్చు. కొత్త రకం పెద్ద కాపియర్లలో ఫ్యాక్స్, స్కాన్, ప్రింటు అన్నీ ఒక్కదాంట్లోనే ఉంటాయి, లోపల హార్డ్‌డిస్కు కూడా ఉంటుంది. న్యూయార్క్‌లో అఫినిటీ అని ఒక ఆరోగ్య బీమా సంస్థ, అద్దెకు తెచ్చుకున్న కాపియర్లను డిస్కు తుడవకుండా తిరిగి ఇచ్చేసింది. సీబీఎస్ టీవీ వాళ్లు వాటిలో ఒకదాన్ని కొని తెరిచి చూస్తే లోపల రోగుల వివరాలున్నాయి. 3,44,579 మంది దాకా వివరాలు బయటపడి ఉండొచ్చని ఆ సంస్థే ప్రభుత్వానికి చెప్పుకోవాల్సి వచ్చింది. 2013లో 12,15,780 డాలర్లు కట్టి ఆ కేసు తెంచుకుంది. ఆ కాగితాలు దారిలో ఎవరి చేతికీ చిక్కలేదు. చేరాల్సిన చోటికే చేరి, అక్కడే ఉండిపోయి, చివరికి సెకండ్‌హ్యాండ్ సామానుతో పాటు బజారుకు వెళ్లాయి.

2018లో ఇంకో సంగతి తేలింది. చెక్ పాయింట్ అనే సంస్థ పరిశోధకులు, ఫ్యాక్స్ ఉన్న హెచ్‌పీ ప్రింటరుకు ప్రత్యేకంగా తయారుచేసిన ఒక ఫ్యాక్స్ పంపి, ఆ ప్రింటరునే తమ చెప్పుచేతల్లోకి తెచ్చుకున్నారు. అక్కణ్నుంచి అదే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకూ పాకవచ్చని చూపించారు. వాళ్లకు కావలసింది ఫ్యాక్స్ నంబరు ఒక్కటే. హెచ్‌పీ వెంటనే దిద్దుబాటు విడుదల చేసింది, కానీ అది వేసుకోవాల్సింది మెషీను సొంతదారులు. అదే ఏడాది బ్రిటన్‌లోని సర్జన్ల సంఘం లెక్క తీస్తే ఇంగ్లండు ఆసుపత్రుల్లో ఇంకా 8 వేలకు పైగా ఫ్యాక్స్ మెషీన్లు ఉన్నాయని తేలింది. 2019 జనవరి నుంచి కొత్తవి కొనకూడదని, 2020 మార్చి 31కల్లా వాడకమే మానాలని అక్కడి ప్రభుత్వం చెప్పింది. అమెరికా మాత్రం ఇంకా వదల్లేదు. రోగుల వివరాల గోప్యతను చూసే అక్కడి 1996 నాటి హిపా చట్టం ఫ్యాక్స్‌ను నిషేధించదు. నంబరు సరిచూసుకోండి, మెషీను అందరికీ అందే చోట పెట్టకండి అని జాగ్రత్తలు మాత్రం చెబుతుంది.

పైగా నీకిచ్చిన ఆ ఫ్యాక్స్ నంబరు వెనక నిజంగా మెషీను ఉందో లేదో కూడా చెప్పలేం. ఇవాళ చాలా ఆఫీసుల్లో ఫ్యాక్స్ వచ్చేది ఒక ఆన్‌లైన్ కంపెనీకి. వాళ్లు దాన్ని పీడీఎఫ్ చేసి ఆఫీసు మెయిల్‌కు పంపుతారు. నువ్వు పంపేదీ ఫోన్లో ఏదో యాప్ నుంచే కదా? అంటే నీ వైపు ఒక కంపెనీ సర్వరు, వాళ్ల వైపు ఇంకో కంపెనీ సర్వరు, చివర్లో ఒక మెయిల్‌బాక్సు. ఇంటి నుంచి ఎక్స్ఛేంజికి పోయే రాగి జత ఎక్కడా లేదు. ఫ్యాక్స్ కాబట్టి హ్యాకర్లకు అందదు అని ఎవరైనా అంటే ఆ మాట పట్టుకుని ధీమా పడకు.

మెయిల్ సంగతి వేరు, కానీ మెరుగేమీ కాదు. ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు మెయిల్ వెళ్లే పద్ధతి 1982లో రాశారు. అందులో రహస్యం ఊసే లేదు. తర్వాత దారిలో ఎన్‌క్రిప్షన్ చేర్చారు. ఇప్పుడు పెద్ద కంపెనీల మధ్య నడిచే మెయిల్ చాలావరకు అలాగే వెళ్తుంది. అవతలి సర్వరుకు ఆ ఏర్పాటు లేకపోతే జీమెయిల్ ఎర్రటి తెరిచిన తాళం బొమ్మ చూపిస్తుంది. 2016 నుంచి ఉంది ఆ ఏర్పాటు. ఆ బొమ్మ కనపడితే పంపకు. కనపడకపోయినా దారి మాత్రమే మూసినట్టు లెక్క. మెయిల్ ఒకచోట దిగాక అక్కడ మామూలుగానే తెరుచుకుంటుంది. ఎన్ని చోట్ల దిగుతుందో చూడు. నీ సెంట్ ఫోల్డర్లో ఒక ప్రతి, వాళ్ల ఇన్‌బాక్సులో ఒకటి, అక్కడి ఆఫీసమ్మాయి కంప్యూటర్లోకి దించుకున్నది ఒకటి, ఆమె సెల్‌ఫోన్లోకి వచ్చింది ఒకటి. డాక్టరుగారికి ఫార్వర్డ్ చేస్తే ఇంకో రెండు. ఆఫీసులో మెయిళ్లకు బ్యాకప్ ఉంటే ఏళ్ల తరబడి నిలిచేది మరొకటి. మనమంతా మెయిల్‌బాక్సును ఇంటి అటకలా వాడుతున్నాం, పైన పడేయడమే గాని దించి చూడం.

దొంగ కూడా తీగ దగ్గర కాపు కాయడు. వాడికి కావలసింది నీ పాస్‌వర్డ్. ఖాతా ఆగిపోతోంది, ఇక్కడ నొక్కు అని ఒక మెయిల్ పంపుతాడు. నువ్వు కాకపోతే మీ ఆడిటరో, ఏదో క్లినిక్ గుమాస్తానో నొక్కుతారు. ఒకసారి లోపలికి వచ్చాడంటే ఇవాళ్టి మెయిలే కాదు, పదేళ్ల కిందటి పాస్‌పోర్టు స్కాను కూడా వాడిదే. అందుకని నా మాట విని ఇవాళే ఒక పని చెయ్. నీ మెయిల్లో పాస్‌పోర్ట్, ఆధార్, పాన్, టాక్స్ అని ఒక్కొక్కటీ కొట్టి వెతుకు. ఏం బయటపడుతుందో చూడు. అక్కర్లేనివి తీసెయ్, ట్రాష్ నుంచి కూడా తీసెయ్. ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టు. అల్లుడి ఖాతాకు కూడా పెట్టించు.

వాట్సాప్ గురించి అడిగావు. దారి వరకు చూస్తే ఈ మూడింట్లో అదే గట్టిది. 2016 నుంచి పంపినవాళ్ల ఫోనుకూ అందుకున్నవాళ్ల ఫోనుకూ మధ్య ఎవరూ చదవలేని ఏర్పాటు ఉంది. కానీ దిగే చోటు? గుంటూరు ఆసుపత్రిలో మీ నాన్న రిపోర్టు ఫొటో తీసేది అక్కడి ఉద్యోగి సొంత ఫోన్లో. అది వాళ్ల గ్యాలరీలో, వాళ్ల పిల్లల పుట్టినరోజు ఫొటోల పక్కనే ఉండిపోతుంది. నీ ఫోన్లో కూడా గ్యాలరీలోకి దిగి, అక్కణ్నుంచి క్లౌడ్‌లోకి ఎక్కుతుంది. మన చుట్టాల గ్రూపులో పొరపాటున పడటానికి ఒక్క వేలు చాలు.

ఆగి ఉన్న కాగితం ఎంత పని చేస్తుందో చూపించే సంగతి మన దగ్గరే జరిగింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసుకుని, వాటిని ఆధార్ మెషీను మీద పెట్టి ఎవరెవరి పేరు మీదనో సిమ్‌లు తీశాడు. ఆ దస్తావేజులను ఎవరూ దారిలో కాజేయలేదు. ఎవరైనా చూసేలా ఒక చోట ఉన్నాయి, అంతే. పొలం అమ్ముకున్న రైతు ఏ తప్పూ చేయలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధ కలుగుతుంది.

ఆధార్ అన్నాను కాబట్టి ఇంకో మాట. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని మెయిల్లో పెట్టేస్తుంటారు. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ నాన్న పేరూ పుట్టిన ఏడూ మన వీధిలో తెలియనిదెవరికి? పైగా చాలామంది అదే మెయిల్లో కింద పాస్‌వర్డ్ కూడా రాసి పంపుతారు. బ్యాంకు స్టేట్‌మెంట్లకూ ఇదే తంతు. నాన్న ఆధార్ ఎవరికైనా ఇవ్వక తప్పకపోతే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని ఇవ్వు. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఏ పనికి ఇస్తున్నావో, ఏ తేదీన ఇస్తున్నావో కాపీ మీద అడ్డంగా రాసి సంతకం చెయ్. మీ తాతయ్య ప్రతి జిరాక్స్ మీదా అలాగే రాసేవారు. ఆ అలవాటు ఇప్పటికీ పనికొస్తుంది, స్కాన్ మీద కూడా రాయొచ్చు.

మన ఊళ్లో ఇప్పుడు ఎస్టీడీ బూతు స్థానం జిరాక్స్ షాపుది. పోయిన నెల పెన్షన్ కాగితం ప్రింటు కోసం ఒక షాపుకు వెళ్లాను. మెయిల్ చెయ్యండి, లేదా ఈ నంబరుకు వాట్సాప్ పెట్టండి అని గోడ మీద రాసి ఉంది. తెర మీద డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచే ఉంది. ఊళ్లోవాళ్ల ఆధార్లు, పాన్ కార్డులు, పట్టాదారు పాసు పుస్తకాలు, ఒక ఆడపిల్ల మెడికల్ రిపోర్టు, అన్నీ వరసగా కనపడుతున్నాయి. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు, తీసేయాలన్న ఆలోచన అతనికి ఎవరూ చెప్పలేదు. నా ఎదుటే నాది తీయించాను, రోజూ సాయంత్రం అన్నీ తీసేయమని చెప్పి వచ్చాను. మీ నాన్నకు కూడా గట్టిగా చెప్పు. వాడిది మెత్తని మనసు, ఎవరు మర్యాదగా అడిగితే వాళ్లకు ఇచ్చేస్తాడు. ఇక్కడికి తిరిగొచ్చాక ఎప్పుడైనా ఖాతాలో డబ్బు పోయినట్టు అనుమానం వస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని వాడి ఫోన్ వెనక చీటీ అంటించు.

ఇల్లు కొంటున్నారని విన్నాను, మీ పెద్దమ్మ ఎంత సంతోషించిందో! ఇక్కడే ఇంకాస్త జాగ్రత్త కావాలమ్మా. అక్కడ ఇల్లు కొనేటప్పుడు క్లోజింగ్ ముందు, అంటే ఇల్లు మీ పేరు మీదికి మారే రోజుకు ముందు, ఆ వ్యవహారం నడిపించే టైటిల్ కంపెనీకి పెద్ద మొత్తం వైర్ చేయాలి. ఆ కంపెనీదో, మీ ఏజెంటుదో మెయిల్ ఖాతాలోకి దొంగ ముందే దూరి, నెలల తరబడి అన్నీ చదువుతూ ఉంటాడు. మీ ఇంటి అడ్రసు, ఫైలు నంబరు, క్లోజింగ్ తేదీ, ఏజెంటు మాట్లాడే తీరు, అన్నీ వాడికి తెలుసు. సరిగ్గా రెండు రోజుల ముందు, ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకు పంపండి అని మెయిల్ పెడతాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఎఫ్‌బీఐ ఏళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్న మోసం ఇది. మెయిల్లో వచ్చిన ఖాతా నంబరును అదే మెయిల్లో ఉన్న ఫోన్ నంబరుతో సరిచూసుకుంటే లాభం లేదు. మొదటి రోజు ఆఫీసులో వాళ్లు చేతికిచ్చిన కార్డు మీది నంబరుకు నువ్వే ఫోన్ చెయ్. ఖాతా నంబరు వాళ్ల నోటితో చదివించుకో. పంపాక అందిందో లేదో మళ్లీ అడుగు. పొరపాటున పోయిందని తెలిస్తే ఆ నిమిషంలోనే బ్యాంకుకు చెప్పాలి. ఆలస్యమైతే ఆ డబ్బు చేతులు మారిపోతుంది. మొహమాటపడకు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని నీకుంటుంది, ఏమనుకున్నా ఫరవాలేదు.

ఇప్పుడు నాన్న రిపోర్టుల సంగతి. ముందు ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి, రోగి పోర్టల్లో నేనే నేరుగా ఎక్కించవచ్చా అని అడుగు. ఆ వీలుంటే ఫ్యాక్సూ వద్దు, మెయిలూ వద్దు. ఫైలు ఒక్క చోటే దిగుతుంది, ఎవరు తెరిచారో వాళ్ల దగ్గర నమోదవుతుంది. నాన్న పేరుతో ఖాతా తెరవడానికి ఒక పూట పట్టవచ్చు, పట్టనీ.

పోర్టల్ కుదరదంటే ఫ్యాక్స్ చెయ్, కానీ ఇలా. నంబరు వాళ్ల అసలు వెబ్‌సైటులో ఉన్నదాంతో సరిపోల్చుకో. ఆ ఫ్యాక్స్ మెషీన్లో దిగుతుందా, మెయిల్లోకి వస్తుందా, ఎవరు తీస్తారు అని అడుగు. సరిగ్గా చెప్పగలిగే మనిషి దొరికేదాకా అడుగు. మొదట ఒక్క కవర్ పేజీ పంపు. దాని మీద ఎవరికి, ఎవరి నుంచి, ఎన్ని పేజీలు, నీ ఫోన్ నంబరు, అంతే ఉండాలి. రోగి పేరు, జబ్బు పేరు దాని మీద వద్దు. ఎందుకంటే ట్రేలో పైన కనపడేది అదే పేజీ. కింద చిన్న అక్షరాల్లో, ఇది రహస్యం, మీది కాకపోతే చింపేయండి అని అచ్చేస్తారు చూడు, దానివల్ల ఒరిగేదేమీ లేదు, తప్పు చేతిలో పడ్డాక ముక్కూమొహం తెలియనివాళ్లను బతిమాలుకోవడమే అది. కవర్ పేజీ అందిందని వాళ్లు ఫోన్లో చెప్పాక, వాళ్లు లైన్లో ఉండగానే మిగతావి పంపు. పంపాక వచ్చే రిపోర్టులో నంబరు ఒక్కో అంకె చూసుకో. పని గంటల్లోనే పంపు, సాయంత్రం వద్దు. ఫ్యాక్స్ యాప్‌లో పంపితే, పనయ్యాక అందులో మిగిలిన ప్రతిని తీసెయ్.

మెయిల్ తప్పదంటే వాళ్ల దగ్గర సెక్యూర్ మెయిల్ లింకు ఉందేమో అడుగు, చాలా ఆసుపత్రులకు ఉంటుంది. అదీ లేకపోతే అన్నీ ఒక పీడీఎఫ్ చేసి పాస్‌వర్డ్ పెట్టు. పుట్టినతేదీ, పేరు, పెళ్లిరోజు వద్దు. ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టు. ఆ పాస్‌వర్డ్ మెయిల్లో రాయకు, ఫోన్ చేసి నోటితో చెప్పు. సబ్జెక్టులో నాన్న పేరూ, జబ్బూ రాయకు. అడిగినవే పంపు. వాళ్లు యాంజియోగ్రామ్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ అడిగారు, అంతవరకే. పాస్‌పోర్టు కాపీ కూడా పెట్టనా అని అడిగావు. వాళ్లు అడగలేదు కదా, ఎందుకు?

ఇంకొకటి, రిపోర్టు కాగితం ఫ్యాక్స్‌లో వెళ్తుంది గానీ యాంజియోగ్రామ్ బొమ్మలు వెళ్లవు. ఫ్యాక్స్‌కు అంగుళానికి అడ్డంగా 204 చుక్కలే, అవీ నలుపో తెలుపో, మధ్యలో బూడిదరంగు ఉండదు. ఈసీజీ కాగితం మీది సన్నగళ్లు కూడా నల్లగా అలికేసినట్టు వస్తాయి. అక్కడి గుండె డాక్టరుకు కావలసింది ఆ వీడియో ఉన్న సీడీ. సోమవారం నేనే గుంటూరు వెళ్లి ఆసుపత్రి రికార్డు సెక్షన్లో దరఖాస్తు ఇచ్చి తీసుకుంటాను. నాన్న సంతకంతో నాకు అధికారం ఇస్తున్నట్టు ఒక లేఖ కావాలంటారు. అది రాయించి, స్కాన్ చేసి నాకు పంపు. పైన తేదీ, ఏ పనికో రాయించడం మరచిపోకు. రెండు సీడీలు చేయిస్తాను, ఒకటి మన ఇంట్లో ఉంటుంది, రెండోది కొరియర్లో నీ పేరు మీద మీ ఇంటికి వస్తుంది. ట్రాకింగ్ నంబరు నీకు ఫోన్లో చెబుతాను. నాన్నకు రాత్రి మాత్రలు వేళకు వేయించు.

మీ పెదనాన్న